వాలిన మణికట్టు

నిద్ర లేచేసరికి మణికట్టు వాలిపోయి ఉంటుంది. నొప్పి లేదు, మూతి వంకర పోలేదు, మాట బాగానే ఉంది. నల్లకుంటలో నా దగ్గరికొచ్చే పేషెంట్లు రోగం పేరు కూడా వాళ్లే చెప్పేస్తారు: "చెయ్యి కింద పడింది సార్, నరం పట్టేసింది." చాలాసార్లు అది నిజమే. పరీక్షల రోజుల్లో ఓయూ హాస్టల్లో కుర్చీ వీపు మీంచి చెయ్యి వేలాడేసి నిద్రపోయిన కుర్రాడికి, జబ్బ ఎముకను చుట్టుకుని దిగే రేడియల్ నరం నొక్కుకుంటుంది. కొన్ని వారాల్లోనో నెలల్లోనో కోలుకుంటాడు.

మెదడు దెబ్బతిన్నా మణికట్టు అచ్చం ఇలాగే వాలుతుంది. చేతిని ఆడించే భాగం మెదడు పైపొరలో చిన్న గుబ్బ. స్కాన్‌లో అది ఒమేగా అక్షరంలా కనబడుతుందని 1997లో యూస్రీ బృందం వర్ణించింది. ఆ ఒక్క చోటికే రక్తం అందకపోతే కాలికి, మూతికి ఏమీ కాదు. చెయ్యొక్కటే పడిపోతుంది.

అందుకే ముందు పిడికిలి బిగించమంటాను. రేడియల్ నరం దెబ్బతింటే, బిగించినకొద్దీ మణికట్టు ఇంకా కిందికి వంగుతుంది. మెదడులో దెబ్బయితే, ఎత్తమంటే లేవని మణికట్టు పిడికిలితోపాటు తనంతట తానే పైకి లేస్తుంది. ఎన్నేళ్లుగా చూస్తున్నా, ఆ కాస్త కదలిక కనబడితే నాకు ఒళ్లు జల్లుమంటుంది.

వేళ్లు తిమ్మిరెక్కాయని వచ్చినవాళ్లను "అదేవైపు పెదవి మూల కూడా మొద్దుబారిందా?" అని అడుగుతాను. చాలామంది అప్పుడుగానీ తడిమి చూసుకోరు. చేతికీ పెదవికీ కలిపి ఒకే నరం లేదు. ఆ రెండూ పక్కపక్కన ఉండేది మెదడులోనే.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం 2002లో ప్రచురించిన స్ట్రోక్ రిజిస్ట్రీలో, పెద్ద ధమనులు పూడుకుపోయిన వాళ్లలో ఎక్కువమందికి తల లోపలి నాళాల్లోనే ఇబ్బంది కనిపించింది. కాబట్టి బీపీ, షుగరు ఉన్న తార్నాక రిటైర్డ్ లెక్చరర్ "నరం" అంటూ వస్తే నేను బి కాంప్లెక్స్ రాయను, ఎంఆర్‌ఐకి పంపుతాను.

మెదడు నాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే మందుకు సాధారణంగా గడువు నాలుగున్నర గంటలు. నిద్రలో వచ్చిన స్ట్రోక్‌కి ఆ లెక్క, మనిషి చివరిసారి బాగా ఉన్న వేళ నుంచి మొదలవుతుంది. రాత్రి పదింటికి పడుకున్నవాడికి తెల్లారేలోగా గడువు దాటినట్టే. అయినా ఎంఆర్‌ఐ చూసి కొందరికి ఆ మందు ఇవ్వొచ్చని 2018లో వేక్-అప్ అధ్యయనం చూపించింది. పిడికిలి పరీక్ష ఇంట్లో చేసుకుని నిశ్చింతగా ఉండిపోకండి. ఉన్నట్టుండి చెయ్యి వాలితే 108కి ఫోన్ చేయండి. స్ట్రోక్ వైద్యం, ఎంఆర్‌ఐ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనండి.