మంటల్లో గరుత్మంతుడు
క్యోటోలోని షోరెన్-ఇన్ ఆలయానికి చెందిన నీలి ఫుదో చిత్రాన్ని 11వ శతాబ్దంలో పట్టుమీద గీశారు. ఫుదో బౌద్ధ దేవత, సంస్కృతంలో పేరు అచలుడు. కుడిచేతిలో అజ్ఞానాన్ని నరికే కత్తి, ఎడమచేతిలో దారితప్పినవాళ్లను లాక్కొచ్చే పాశం. వెనక మంటల్ని కాస్త ఓపిగ్గా చూడండి: అగ్నినాలుకల మధ్య ముక్కూ కన్నూ తేలతాయి. మన గరుత్మంతుడే!

జపాన్ దేవతల బొమ్మల్లో నన్ను కట్టిపడేసేది మాత్రం కిరికనే అనే బంగారు రేకుల పని. పల్చటి బంగారు రేకుల్ని నిప్పుసెగ మీద ఒకదానికొకటి అతికించి, జింకతోలు పరిచిన పలక మీద వెదురు కత్తితో వెంట్రుకంత సన్నగా కోస్తారు. తర్వాత రెండు చేతుల్లో రెండు కుంచెలు. ఒకటి జిగురు పూస్తూ ముందు నడుస్తుంది, రెండోది బంగారు పోగును మోసుకుంటూ వెంట వస్తుంది. ఆ కాసేపూ గట్టిగా ఊపిరి వదలకూడదు, పోగు ఎగిరిపోతుంది.