పావగడ బండ నేర్పేది, నేర్పలేనిది

కేదారనాథ్‌కో, ఎవరెస్టు బేస్ క్యాంపుకో గైడుతో నడిచి వెళ్ళాలనుకునే మా పావగడ తాలూకా వాళ్ళు ఎట్లా సిద్ధం కావాలని అడిగితే, నేను ముందు ఊరి నెత్తినున్న కోట కొండనే చూపిస్తాను. కనీసం మూడు నెలలు, వారానికి మూడు పొద్దులు, బండ వేడెక్కకముందే ఎక్కి దిగాలి. అది కుదిరాక ఒక ఆదివారం నిడుగల్లు దుర్గానికి పోవాలి. నిడుగల్లు చోళులు కోట కట్టి ఏలిన కొండ అది. ‘నిడు’ అంటే కన్నడంలోనైనా తెలుగులోనైనా పొడవే. ఎక్కుతుంటే ఆ పేరు ఎందుకొచ్చిందో కాళ్ళకే తెలుస్తుంది.

పరుగు వద్దు. పక్కవాళ్ళతో నిండుగా ఒక మాట మాట్లాడగలిగినంత వేగమే మీ వేగం. తిరుమల నడకదారిలో మోకాళ్ళ పర్వతం దగ్గర అలవాటున్న పెద్దవాళ్ళను చూశాను. అడుగు వేశాక వెనక కాలు నిటారుగా నిలిపి, ఒక్క క్షణం ఒళ్ళంతా దానిమీద మోపుతారు. అంతసేపూ బరువు ఎముక మోస్తుంది, కండ సేదతీరుతుంది. ఆ తర్వాతే రెండో అడుగు. పర్వతారోహణ శిక్షణలో నేర్పే నడకా ఇదే.

వీపు సంచిలో మూడు పెద్ద సీసాల నీళ్ళు పెట్టుకోండి. మొదటి నెల పైదాకా మోసి, ఆ నీళ్ళు ఏదైనా చెట్టు మొదట్లో పోసి, తేలికగా దిగండి. కరువు సీమలో నీళ్ళు ఊరికే పారబోయడానికి మనసొప్పదు. రెండో నెల నుంచి బరువుతోనే దిగాలి. చాలామంది ఎక్కుడుకే భయపడతారు కానీ, తొడల్నీ మోకాళ్ళనూ పరీక్షించేది దిగుడే. హిమాలయాలకు తొడుక్కునే బూట్లతోనే ఈ సాధనంతా చేయాలి. మడమ బొబ్బలెక్కితే ఇక్కడే ఎక్కాలి. నూలు బనీను మాత్రం ఇంట్లోనే వదిలేయండి. చెమటకు తడిసి ఆరదు, చలిగాలి తగిలిందంటే ఒళ్ళు గడ్డకడుతుంది.

మన బండలు తక్కువవి కావు. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అప్పట్లో సంక్షేమ గురుకులాల పిల్లలు. శేఖర్ బాబు శిక్షణలో వాళ్ళు రాయి పట్టుకోవడం మొదలుపెట్టింది భువనగిరి ఏకశిల మీదే. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఇద్దరూ ఎవరెస్టు ఎక్కేనాటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు నిండలేదు. అయితే భువనగిరి తర్వాత వాళ్ళను డార్జిలింగ్‌కు, అటుపైన లద్దాఖ్‌కు తీసుకెళ్ళారన్నది మనం మరిచిపోకూడదు.

ఎందుకంటే ఏ దక్కను బండా నేర్పలేనిది ఒకటుంది. పావగడ సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున ఉంది, కేదారనాథ్ 3,583 మీటర్ల ఎత్తున. 3,500 మీటర్ల దగ్గర గుక్కెడు గాలిలో దొరికే ప్రాణవాయువు సముద్రతీరంలో దొరికేదానిలో మూడింట రెండొంతులే. 5,500 దగ్గర సగమే. దీనికి కండబలం అక్కరకు రాదు, ఒంటికి వ్యవధి ఇవ్వడమే దారి. 3,000 మీటర్లు దాటాక ఇవాళ పడుకున్న చోటికన్నా రేపు పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి అదే చోట ఆగాలి. పగలు ఇంకాస్త పైకి ఎక్కి, రాత్రికి దిగి నిద్రపోవడం మేలు. హెలికాప్టర్లో గంటలోపే కేదారనాథ్ అంత ఎత్తుకు చేరేవాళ్ళకు ఈ వ్యవధే దొరకదు. అందుకే నాకు వాళ్ళ గురించే బెంగ.

గైడుకు డబ్బు కట్టేముందు ఏ రోజు ఎంత ఎత్తున పడుకోబెడతారో కాగితం మీద రాయించుకోండి. విశ్రాంతి రోజులు లేని ప్రయాణం చవకైనా ఒప్పుకోవద్దు. గుండె జబ్బు, రక్తపోటు, ఉబ్బసం ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. ఎత్తు ఒంటికి పడడానికి వాడే ఎసిటజోలమైడ్ మాత్ర కూడా ఆయన చెబితేనే.

తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం కొండజబ్బుకు తొలి గుర్తులు. అవి తగ్గేదాకా పైకి పోకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, అడుగు తడబడితే, మాట తేడాగా వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు, అప్పటికప్పుడు దిగాలి. ఇంతదూరం వచ్చి నలుగురిలో పేరు పోతుందని మనవాళ్ళు నొప్పి దాచుకుంటారు. దాచుకోవద్దు. ఏ జామైనా సరే, పక్క గుడారంలో ఉన్న గైడును లేపండి.