గోడ దగ్గర నిలబడేవాళ్ళు

రాసిపెట్టుకున్న మాట ఒక్కటీ లేకుండా ఏడెనిమిది మంది కలిసి అరగంట సేపు నాటకం ఆడతారు. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు ఒక మాట ఇస్తారు. చేతిలో ఉండేది అదొక్కటే. దీన్ని లాంగ్‌ఫార్మ్ ఇంప్రొవ్ అంటారు. షికాగోలో పగలు ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు నేను నేర్చుకుంటున్నదీ ఆడుతున్నదీ ఇదే. మనవాళ్ళకి చెబితే "అంత చమత్కారం అప్పటికప్పుడు ఎలా తడుతుందండీ?" అని అడుగుతారు. చమత్కారం సంగతి తర్వాత. ఎప్పుడైనా ఈ ఆట చూడ్డానికి వెళ్తే మొదట వెనక గోడ దగ్గర ఉన్నవాళ్ళని చూడమంటాను. వేదిక మధ్యలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే మిగతావాళ్ళంతా అక్కడే నిలబడి ఉంటారు. ఆట నిలిచేదీ కూలేదీ వాళ్ళ వల్లే.

వాళ్ళకి చేతినిండా పని ఉంటుంది. ముందున్న ఇద్దరిలో ఒకామెని ఎదుటివాడు సూసన్ అని పిలిచాడు, ఆ పేరు గుర్తుండాలి. ఆమె గాలిలో చెయ్యి చాపి ఫ్రిజ్ తలుపు తెరిచింది, తర్వాత వచ్చేవాళ్ళు ఆ ఫ్రిజ్ లోంచి నడిచి వెళ్ళకూడదు. అన్నయ్యకి కుక్కలంటే భయమని ఎవరో మాటవరసకి అన్నది పావుగంట తర్వాత అక్కరకొస్తుంది. సీన్ పండిందనిపించగానే గోడ దగ్గరి మనిషి ఒకరు వేదిక ముందు ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తుతారు. ఆ సీన్ అయిపోయిందని అందరికీ అర్థమవుతుంది. అది ఎడిట్. ఇద్దరిలో ఒకరి భుజం తట్టి పక్కకి పంపి, మిగిలిన పాత్రని మరోచోట మరో మనిషి ఎదుట నిలబెట్టడం ట్యాగ్. ఎడిట్ చెయ్యడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే నవ్వు ఇంకా వస్తుండగానే ఆపాలి. ఆలస్యం చేస్తే ఆ ఇద్దరూ అన్నదే అంటూ, సంపాదించుకున్నదంతా పోగొట్టుకుంటారు. మాటల్లో మునిగి ఉన్నవాళ్ళకి ఎక్కడ ఆపాలో కనిపించదు, చూస్తున్నవాళ్ళకే కనిపిస్తుంది. ఈ విద్యలో ఇంతకన్నా దయగల పని లేదని నా నమ్మకం.

లాంగ్‌ఫార్మ్ లో రకరకాల రూపాలున్నాయి. మాలో చాలామంది మొదట నేర్చుకునేది హెరాల్డ్. ఇచ్చిన మాట చుట్టూ అందరూ కలిసి కాసేపు ఊహలు అల్లుతారు. తర్వాత ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సీన్లు, వెనువెంటనే అందరూ కలిసి ఆడే గుంపు ఆట. మళ్ళీ ఆ మూడు సీన్ల మనుషులే, చోటో కాలమో మారి వస్తారు. మళ్ళీ గుంపు ఆట. మూడో విడతలో ఆ మూడు దారులూ ఒకదాన్నొకటి తాకుతాయి.

"గొడుగు" అని ఇచ్చారనుకోండి. గొడుగు అనగానే అరువు తీసుకుని తిరిగివ్వని వస్తువులు గుర్తొస్తాయి. మొదటి సీన్ లో తండ్రి పోయాక ఇంటి సామాను సర్దుతున్న అక్కాతమ్ముళ్ళు. చిన్నప్పటి నుంచి అక్క తన దగ్గర తీసుకున్న ప్రతి వస్తువుకీ, విరిగిన పెన్సిల్ ముక్కతో సహా, తమ్ముడు పద్దు రాసి ఉంచాడు. ప్రేమ ఉన్నచోట కూడా లెక్క చూసే మనిషి. ఈ సీన్ కి తాళంచెవి దొరికింది. మేము దీన్ని గేమ్ అంటాం. రెండో విడతలో అతనికి కొత్త జోకు అక్కర్లేదు, తన పెళ్ళిలో పెళ్ళికూతురి ముందు ఆ పుస్తకం తీస్తే చాలు. వేరే సీన్ లో లైబ్రరీ ఉద్యోగిని ఒకామె ఉంది. జరిమానా అడగడానికి మనసొప్పక ప్రతివాళ్ళ బాకీ తనే కట్టేస్తుంటుంది. మూడో విడతలో ఆమె ఇతనికి ఎదురుపడితే, ఇద్దరూ నోరు తెరవకముందే హాలంతా నవ్వుతుంది. ఆ ఇద్దరినీ ప్రేక్షకులు అప్పటికే ఎరుగుదురు మరి. ఆమెని మరిచిపోకుండా, సరిగ్గా ఆ క్షణానికి ఆమెని ముందుకి పంపింది గోడ దగ్గరి మనిషి.

అష్టావధానం చూసినవాళ్ళకి ఈ ఆనందం కొత్త కాదు. చివర్లో అవధాని పూరించిన పద్యాలన్నీ ధారణ చేస్తుంటే సభ ఇలాగే పులకిస్తుంది. అక్కడ ధారణ భారమంతా ఒక్క మనిషిది. ఇక్కడ దాన్ని అందరూ పంచుకుంటారు, పైగా ఇరుకున పెట్టడానికి పృచ్ఛకులు ఉండరు. ఒకరు చెప్పింది నిజమని ఒప్పుకుని, దానికి ఇంకొకటి చేర్చడమే నియమం. పాత్రలు ఎంతైనా పోట్లాడుకోవచ్చు. ఆడేవాళ్ళు మాత్రం ఎదుటివాళ్ళు కట్టిన ఇంటిని కూల్చకూడదు.

ఈ నియమం వెనకున్న ఆటలు నాటకశాలలో కంటే ముందు పిల్లల మధ్య పుట్టాయి. షికాగోలోని హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో 1920లలో నీవా బాయ్డ్ దగ్గర ఆటల ద్వారా నేర్పే పద్ధతి నేర్చుకున్న వయోలా స్పోలిన్, ఆర్థికమాంద్యం రోజుల్లో ప్రభుత్వ ఉపాధి పథకం కింద ఈ ఊళ్ళోనే నాటకం నేర్పింది. ఆమె దగ్గరికి వచ్చినవాళ్ళలో వలస కుటుంబాల పిల్లలు చాలామంది. వేర్వేరు భాషల ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకి నటన గురించి ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు. ఆమె ఆటలు కల్పించింది. వలస వచ్చిన మనిషిగా నాకు ఈ చరిత్ర మీద ప్రత్యేకమైన మమకారం. కొత్త ఊళ్ళో, కొత్త భాషలో, ఎదుటి మనిషిని జాగ్రత్తగా గమనించి బతకాల్సినవాళ్ళ కోసం తయారైన ఆటలివి. 1963లో ఆమె వాటిని పుస్తకంగా తెచ్చింది. అప్పటికే ఆమె కొడుకు పాల్ సిల్స్ వాటిని 1955లో కంపాస్ ప్లేయర్స్ అనే బృందానికి, 1959లో సెకండ్ సిటీ అనే థియేటర్ కి చేర్చాడు.

సెకండ్ సిటీలో ఇంప్రొవ్ ముఖ్యంగా స్కెచ్ లు తయారుచేసుకునే సాధనం. అక్కడ పనిచేసిన డెల్ క్లోజ్ కి అది చాలలేదు. అప్పటికప్పుడు అల్లిందే ప్రదర్శన కావాలని పట్టుబట్టాడు. 1967లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో కమిటీ అనే బృందంతో తొలి హెరాల్డ్ ఆడించాడు. పేరు ఏం పెడదామంటే బృందంలోని సంగీతకారుడు బిల్ మాథ్యూ సరదాగా అన్న మాట అలాగే ఉండిపోయింది. 1980లలో షికాగోలో చార్నా హాల్పెర్న్ తో కలిసి ఇంప్రొవ్ ఒలింపిక్ అనే థియేటర్ లో దానికి నేర్పదగిన రూపం ఇచ్చాడు. ఆయన శిష్యులు నలుగురు, నటి ఎమీ పోలర్ వాళ్ళలో ఒకరు, 1996లో దాన్ని న్యూయార్క్ తీసుకెళ్ళారు.

ఈనాటి తరగతి గదుల్లో కూడా మొదట నేర్పేది నవ్వించడం కాదు. అందరూ గుండ్రంగా నిలబడి ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టాలి. వరస ఉండదు, సైగ ఉండదు. ఇద్దరి నోట ఒకే అంకె ఒకేసారి వస్తే మళ్ళీ ఒకటి నుంచి. ఇంకో ఆటలో ఎదుటివాళ్ళ వాక్యంలోని చివరి మాటతోనే మన వాక్యం మొదలుపెట్టాలి. మామూలు సంభాషణలో మనం సగం విని జవాబు సిద్ధం చేసుకుంటాం కదా. ఈ ఆట ఆ అలవాటుని విరగ్గొడుతుంది. చివరి మాట వినేదాకా నోట్లో ఏమీ ఉండదు. మొదట్లో అది భయంగా ఉంటుంది, తర్వాత గొప్ప విశ్రాంతిగా ఉంటుంది.

క్లోజ్ శిష్యులందరికీ నేర్పిన సూత్రం, ఎంత అమాయకపు పాత్రనైనా నీ పూర్తి తెలివితో ఆడాలన్నది. నా రంగు మనుషులకి ఇది మరీ అవసరం. సీన్ లోకి అడుగుపెట్టగానే ఎదుటివాళ్ళు మనల్ని ట్యాక్సీ డ్రైవర్ని చేసేస్తారు. యాస సాగదీస్తే నవ్వు వస్తుంది, కానీ ఆ నవ్వు నాకొద్దు. ట్యాక్సీ డ్రైవర్ అన్నది ఒప్పుకుంటాను. ఊళ్ళో ప్రతి ఆసుపత్రి వెనక గేటూ తెలిసిన డ్రైవర్ అతను. ఏడుస్తూ ఎక్కిన మనిషితో మాట్లాడాలో ఊరుకోవాలో తెలిసినవాడు. మంచి టీమ్ అయితే అప్పటికే గోడ దగ్గర నుంచి ఒకరు అతని కూతురుగా వచ్చేస్తారు, లెక్కల హోంవర్క్ పట్టుకుని. ఆ ఒక్క రాకతో అతనికి ఇల్లూ వాకిలీ ఏర్పడతాయి. నేను ఇష్టపడే తోటి నటులంతా ఇలా వచ్చేవాళ్ళే.

గోడ దగ్గర ఎవరూ లేకుండా ఆడేవాళ్ళూ ఉన్నారు. టీజే జాగొడౌస్కీ, డేవిడ్ పాస్క్వెసీ 2002 నుంచి ఇద్దరే గంటకి దగ్గరగా ఆడుతున్నారు. ప్రేక్షకుల నుంచి మాట కూడా తీసుకోరు. పదిమంది పాత్రలని ఇద్దరే మార్చుకుంటూ ఆడతారు, ఒకరు వదిలిన పాత్రని ఇంకొకరు అదే భంగిమతో అందుకుంటారు. ఈ విద్య నేర్చుకోవాలనుకునేవాళ్ళు వాళ్ళ ఆటలో మాటలకన్నా మౌనాలని గమనించాలి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు చూసే చూపులోనే వెనక వరస మొత్తం ఉంటుంది.

ఇంత శ్రమకీ డబ్బు దాదాపు ఉండదు. ఒక్కో కోర్సుకి వందల డాలర్ల ఫీజు కట్టాలి, వేదిక ఎక్కినా చాలాచోట్ల ఆడినందుకు ఏమీ ఇవ్వరు. అందువల్ల తీరికా జీతమూ ఉన్నవాళ్ళే ఎక్కువగా మిగులుతున్నారు. వలస పిల్లల కోసం పుట్టిన ఆటకి ఇది పెద్ద లోటు. థియేటర్లు దీన్ని సరిదిద్దాలి.

ఆట అయ్యాక కోచ్ తో కూర్చుంటాం. నోట్స్ అంటాం దీన్ని. కొత్తవాళ్ళు ముందున్న ఇద్దరి గురించి మాట్లాడతారని ఎదురుచూస్తారు. మంచి కోచ్ ల ప్రశ్నలు మొదట వెనక వరసకే వస్తాయి. "రెండో సీన్ లో ఆమె మా అక్క వస్తోంది, మా అక్క వస్తోంది అని రెండుసార్లు అంది. మీరు ఆరుగురు అక్కడే ఉన్నారు. అక్క ఎందుకు రాలేదు?"