పీర్ల పండుగ, 'అసలు ఇస్లాం': ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశం

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో ఉండి చదువుకుంటున్న మీకు మౌలాలి గుట్ట తెలిసే ఉంటుంది. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని ఆ గుట్టమీద ముస్లింలతోపాటు హిందువులూ మొక్కులు చెల్లించుకుంటారు. ఇలాంటి ఆచారాన్ని కొందరు ముస్లింలు భక్తిగా చూస్తే, మరికొందరు మతవిరుద్ధమని తప్పుపడతారు. ఈ వివాదాన్ని అర్థం చేసుకోవడానికి కవి, పరిశోధకుడు అఫ్సర్ 2013లో ఇంగ్లీషులో ప్రచురించిన 'ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' గ్రంథం మనకు ఉపకరిస్తుంది.

2. రెండు దృక్పథాలు

సూఫీ మార్గంలో గురుశిష్య పరంపర, దైవనామ స్మరణ, వలీల దర్గాల సందర్శన ముఖ్యమైనవి. 'సలఫ్' అంటే పూర్వికులు. తొలి మూడు తరాల ముస్లింల ఆచరణే ప్రమాణమని, ఖురాన్, హదీసులలో ఆధారం లేని ఆచారాలు 'బిద్అత్' అని సలఫీలు భావిస్తారు. సమాధుల దగ్గర కోరికలు కోరడాన్ని దైవానికి సాటి కల్పించడంగా, అంటే 'షిర్క్'గా పరిగణిస్తారు.

3. గ్రంథం బలం

అఫ్సర్ అనంతపురం జిల్లా గూగూడులో జరిగే మొహర్రంను పరిశీలించారు. అక్కడి పీరు కుళ్లాయప్ప. ఆయన కథలు ఆంజనేయుడి కథలతో కలిసిపోయి ఉంటాయి. భక్తులు కొద్దిరోజులపాటు ఫకీరు దీక్ష పడతారు. ఊరివాళ్ల మాటల్లోంచే వారి విశ్వాసాన్ని వివరించడం ఈ గ్రంథంలోని ప్రధాన గుణం. 'స్థానిక ఇస్లాం', 'అసలు ఇస్లాం' అనే భావనల మధ్య ఘర్షణనూ రచయిత చర్చించారు.

4. జాగ్రత్తపడవలసిన చోటు

ఈ రెండు మాటలను మీరు 'మన సూఫీలు, పరాయి సలఫీలు' అని అనువదించుకుంటే పొరపాటు. కారణాలు మూడు.

మొదటిది: పీర్ల పండుగ కర్బలా స్మృతి నుంచి వచ్చింది. దానిలో షియా సంప్రదాయం, సూఫీ భక్తి, గ్రామదేవతారాధన కలిశాయి. దాన్ని కేవలం సూఫీ ఆచారమనలేం.

రెండవది: దర్గా ఆచారాలను తప్పుపట్టే వారందరూ సలఫీలు కారు. 1866లో మొదలైన దేవ్‌బంద్ విద్యాలయ స్థాపకులు చిష్తీ గురువు హాజీ ఇమ్దాదుల్లా శిష్యులు. సలఫీలు ప్రామాణికుడిగా గౌరవించే ఇబ్న్ తైమియా (1263–1328) శిష్యుడు ఇబ్నుల్ ఖయ్యిమ్, సూఫీ అన్సారీ రచనకు విపులమైన వ్యాఖ్య రాశాడు. అంటే వాదం తరచుగా సూఫీ మార్గం మొత్తంమీద కాదు, దానిలో ఏది సమ్మతం, ఏది కాదన్నదానిమీద.

మూడవది: సంస్కరణవాదం ఇక్కడికి నిన్నమొన్న వచ్చింది కాదు. నిజాం నాసిరుద్దౌలా తమ్ముడు ముబారిజుద్దౌలాను 'వహాబీ' కుట్ర ఆరోపణపై 1839లో నిర్బంధించారు. ఆయన 1854లో గోల్కొండ కోటలోనే మరణించాడు. ఆ ఉద్యమానికి ప్రేరకుడైన సయ్యద్ అహ్మద్ బరేల్వీ (1786–1831) స్వయంగా సూఫీ పరంపరల్లో దీక్ష ఇచ్చినవాడు. బ్రిటిష్ అధికారులు వాడిన 'వహాబీ' అన్న పేరు ఈ సంక్లిష్టతను కప్పేసింది.

5. ముగింపు

పీర్ల కొట్టానికి వెళ్లే ముస్లింను అజ్ఞాని అనడం ఎంత తొందరపాటో, వెళ్లడం మానుకున్న ముస్లింను పరాయివాడనడమూ అంతే తొందరపాటు. మొదటివాడు తాతముత్తాతల విశ్వాసాన్ని నిలుపుకుంటున్నాడు. రెండవవాడు తాను చదివి గ్రహించిన ధర్మానికి కట్టుబడుతున్నాడు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, ఒక్కోసారి ఒకే ఇంటివాళ్లు. గూగూడు భక్తుల మాట వినడం ఈ గ్రంథం మనకు నేర్పింది. అదే ఓపికతో రెండవవాడి మాటనూ వినడం పాఠకులుగా మన బాధ్యత.

ఆలోచించండి: మీకు తెలిసిన ఒక దర్గాను లేదా పీర్ల కొట్టాన్ని తీసుకోండి. అక్కడి ఆచారాలను సమర్థించేవారి వాదననూ, వ్యతిరేకించేవారి వాదననూ పది వాక్యాల చొప్పున రాయండి. చదివినవారికి మీరు ఏ పక్షమో తెలియకూడదు.