ఆముక్తమాల్యదయందలి భోజనపద్యములు

శ్రీకృష్ణదేవరాయలు కళింగదండయాత్రాసమయమున విజయవాడలోఁ గొన్నిదినములు విడిసి, అటనుండి కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున కేఁగి, యేకాదశ్యుపవాస ముండఁగా, ఆంధ్రమహావిష్ణువు స్వప్నమునఁ దోఁచి కావ్యరచన కాజ్ఞాపించినట్లు ఆముక్తమాల్యదావతారికవలనఁ దెలియుచున్నది. (ఇది ఘంటసాల సమీపమందలి గ్రామముగాని యుత్తరాంధ్రమందలి పట్టణము గాదు.) ఉపవాసదినమున సంకల్పింపఁబడిన కావ్యము ప్రథమాశ్వాసముననే భోజనమును ముచ్చటించుట వింతయే.

విష్ణుచిత్తుఁ డతిథులకుఁ బెట్టు భోజనము మూఁడు కాలములకు మూఁడు పద్యములుగా వర్ణితమైనది. వీనిని బదార్థముల పట్టికలుగాఁ జదివి, ప్రతిపదార్థము చెప్పి విడుచుట న్యాయము గాదు. ముసురుదినములఁ బచ్చికూర లరుదు. కావున నెండకాలమున నెండించి దాఁచిన వరుగులు, వడియములు వచ్చినవి. వేసవి యన్నము నులివెచ్చనిది, చారు తియ్యనిది, అంబలి పలుచనిది. చెఱకుపాలు, ఎడనీరు, వడపిందెలు, నీరుచల్ల పిదపవి. వీని కన్నింటికిని ముందు అతిథి మేనఁ జందనచర్చ. చలికాలమున మిరియపుఁబొడి, సుఱుక్కుమను నేయి, ముక్కునకు మందుగాఁ బనిచేయు ఆవపచ్చళ్లు. ఒక పద్యమందలి వంటకము వేఱొక పద్యమున నిముడదు. కథాస్థలము విల్లిపుత్తూరైనను, ఈ వరుగులు, వడియములు, ఆవపచ్చళ్లు కృష్ణాతీరపు టిండ్లకు నేఁటికిని గ్రొత్తవి కావు.

అయితే వర్షకాలపద్యమునకుఁ బ్రాణము పదార్థములయందు లేదు. భార్య కన్నులఁ బొగ చొరకుండుటకై యందు నారికెడపుఁ బొరియలు వంటచెఱకైనవి. ముసురునఁ దడికట్టెలు రాఁజవు. సింహాసనమున నున్నవాఁ డీ పొగను గమనించుట సామాన్యము గాదు.

ఫ్రెంచిదేశమున బ్రియా సవరేను 1825 సంవత్సరాంతమున వెలువరించిన రుచిశాస్త్రగ్రంథమున, భోజనప్రియ యగు సుందరి బల్లయొద్ద నెట్లు కూర్చుండునో, ఆమె కన్ను లెట్లు మెఱయునో వర్ణించి, భోజనాభిరుచి స్త్రీసౌందర్యమున కనుకూలమని వాదించెను. చూచునది పురుషుని కన్నే. కాని యచట స్త్రీ తినుచున్నది. రాయలు గన్న విల్లిపుత్తూరు గృహిణులు వేకువనే పసుపాడి, దేవుని మజ్జనమునకు దిగ్గియనుండి నీరు తెచ్చుచు ద్రావిడప్రబంధము వల్లింతురు. వారి యందము పనినుండి వేఱు గాదు. ఈ విషయమున రాయల చూపు సవరేను చూపుకంటె లోఁతైనది.

కాని భోజనపద్యములు మూఁటియందును వండినయామె విస్తరి కానరాదు. అతిథిసత్కారప్రకరణమున నది యప్రస్తుతమని సమాధానము చెప్పవచ్చును. ఆమె కంటిపొగ ప్రస్తుతమైనచోట నామె యాఁకలి యేల యప్రస్తుత మయ్యెనో వ్యాఖ్యాతలు విచారింపవలసియున్నది.