పోయినవారి తప్పులు

నివాళివ్యాసము వ్రాయుటకు కూర్చున్నప్పుడెల్ల, దానిని చదువబోవువారిలో ఆ మృతునివలన నష్టపడినవారు కూడ ఉందురన్న సంగతి నన్ను వెన్నాడుచుండును. రేపల్లె ప్రాంతమున ఒక పెద్దకర్మనాడు, భోజనములకు ముందు పందిటిలో వక్తలెల్లరు ఆ ఇంటి యజమానిని దానకర్ణుడని, అజాతశత్రువని కొనియాడుచుండగా, కౌలుచీటి చెల్లదని ఆయన త్రోసిపుచ్చిన నాటినుండి కూలిపనికి పోవుచున్న ఒక ముదుసలి, కండువా దులుపుకొని లేచి, విస్తరి ముందు కూర్చుండకయే వెడలిపోయెను. ఆ పొగడ్త, బ్రదికియున్న ఆ ముసలివాని కష్టమును అసలు జరుగనిదానిగా చేసివేసినది.

చచ్చినవాని కండ్లు చారెడన్న సామెత మన అలవాటును ఏనాడో పసిగట్టినది. అయినను, బదులు చెప్పలేనివానిని దూషింపరాదన్న మర్యాదను నేను తేలికగా చూడను. 1860 నాటి భారత శిక్షాస్మృతి 499వ సెక్షనులోని మొదటి వివరణ ప్రకారము, బంధువుల మనస్సు నొప్పించు తలంపుతో మృతునిపై మోపిన నింద పరువునష్టము కాగలిగెడిది. 2023 నాటి భారతీయ న్యాయసంహితయు 356వ సెక్షనులో ఆ మాటను నిలుపుకొన్నది. లోకహితార్థమై నిజము చెప్పుట నేరము కాదను మినహాయింపు కూడ అచ్చటనే కలదు.

బదులు చెప్పలేనివారిని గూర్చి నిజము చెప్పు విద్యలో నాకు గురుస్థానీయుడు తెనాలి కవిరాజు త్రిపురనేని రామస్వామిచౌదరి (1887–1943). డబ్లిన్‌లో న్యాయశాస్త్రము చదివివచ్చిన ఆయన, 1920 నాటి ‘శంబుకవధ’ నాటకమున, తపస్సు చేసినందుకు ప్రాణము కోల్పోయిన శూద్రుని పక్షమున వకాల్తా పుచ్చుకొనెను. ‘సూతపురాణము’న పురాణములనే సాక్షులుగా నిలిపి వాదించెను. పూజలందుకొనువారిని నిలదీసెనని ఆగ్రహించినవారు కొల్లలు. ఆయన తీర్పులన్నిటితో నేను ఏకీభవింపను. కాని ఎదుటిపక్షపు గ్రంథములనుండియే సాక్ష్యము తెచ్చిన ఆ పద్ధతి, నోరులేనివాని విషయమున ఎంతటి న్యాయమైనదో, కలము పట్టిన ప్రతిసారియు నాకు తెలిసివచ్చుచున్నది.

బాపట్లలో ఒక కుటుంబమువారు స్మారకసంచికకు వ్యాసమడిగినప్పుడు, ఆ పెద్దమనిషి తాగుడును గూర్చి నేనొక్క అక్షరమైనను వ్రాయలేదు. ఆ బాధ పడినది ఆయన ఇల్లాలు, దానిని చెప్పుటయో మానుటయో ఆమె యిష్టము. పరపతి సంఘమునకు అధ్యక్షుడై సభ్యుల డిపాజిట్లను తన బంధువులకు అప్పులుగా పంచిన సంగతిని మాత్రము, ఆడిటు నివేదికలో ఉన్నంతవరకు, ఒక్క విశేషణమైనను చేర్చక వ్రాసితిని. కుమారుడు ఆ పేరాను రెండుమార్లు చదివి, తీసివేయుమనలేదు; నివేదిక సంవత్సరమును కూడ వేయుమని కోరెను.