ఎదుటివాడి వాదన ముందు

కతోలిక దైవశాస్త్రం చదువుతానంటే చాలామంది అడిగేది ఒకటే: "పోపు గారు చెప్పేశాక ఇంక మీరు ఆలోచించడానికి ఏముంటుంది?" ఈ మాట హేతువాదులూ అంటారు, ప్రతి ఆదివారం పూజకు వచ్చేవాళ్లూ అంటారు. వాళ్లకు నేను తోమాస్ అక్వినాస్ పుస్తకం తెరిచి ఒక పేజీ చూపిస్తాను.

పదమూడో శతాబ్దపు ఈ డొమినికన్ సన్యాసి రాసిన 'సుమ్మా థియొలాజియే'లో ఏ ప్రశ్నకూ జవాబు ముందు రాదు. ముందుగా తన అభిప్రాయానికి అడ్డొచ్చే వాదనలు వస్తాయి. తర్వాత ఒక ప్రమాణవాక్యం, ఆ తర్వాత తన నిర్ణయం, చివర ఒక్కో అభ్యంతరానికీ విడివిడిగా సమాధానం. మన మీమాంసకుల పూర్వపక్షం, సిద్ధాంతం ఎరిగినవాళ్లకు ఈ వరస కొత్తగా అనిపించదు.

వడ్డీ సంగతి చూడండి. అప్పిచ్చిన డబ్బుకు వడ్డీ పుచ్చుకోవడం పాపమేనని అక్వినాస్ నిర్ణయం. అయినా మొట్టమొదటి అభ్యంతరాన్ని ఆయన సువార్తలోంచే వెతికి తెచ్చాడు. లూకా 19వ అధ్యాయం కథలో యజమాని తన సొమ్మును వడ్డీతో సహా రాబట్టుకునేవాడినని సేవకుణ్ణి మందలిస్తాడు. ఆ యజమాని క్రీస్తే అయితే, ఆయనకు లేని పాపం మనకెక్కడిది? అక్కడి వడ్డీ అంటే దేవుడిచ్చిన వరాలను పెంచుకోవడమని అక్వినాస్ చివర్లో జవాబిస్తాడు. ఆ జవాబు నచ్చినా నచ్చకపోయినా, తనను ఇరకాటంలో పెట్టే వాక్యాన్ని దాచిపెట్టలేదన్నది మాత్రం నిజం.

ఆయన తర్కం ఇది. ఇల్లు అద్దెకిస్తే ఇల్లు ఇల్లుగానే ఉంటుంది కనుక వాడకానికి అద్దె తీసుకోవచ్చు. ద్రాక్షారసం తాగితే అయిపోతుంది. సరుకుకో ధర, తాగినందుకు మరో ధర అడిగితే ఒకే వస్తువును రెండుసార్లు అమ్మినట్టు. డబ్బూ అంతే, ఖర్చుపెడితే పోతుంది. కాబట్టి అసలు అడగొచ్చు కానీ వాడకానికి వేరే ధర కట్టకూడదు. అయితే అప్పివ్వడం వల్ల తనకు నిజంగా నష్టం కలిగితే, దానికి పరిహారం ముందే మాట్లాడుకోవచ్చని ఆ వెంటనే ఒప్పుకున్నాడు.

ఆ చిన్న సందులోంచే తర్వాతి శతాబ్దాలు దారి తీశాయి. పేదల్ని వడ్డీ వ్యాపారుల బారినుంచి తప్పించడానికి ఇటలీలో ఫ్రాన్సిస్కన్లు తాకట్టు నిధులు పెట్టించారు. నిర్వహణ ఖర్చుకని కొంత సొమ్ము తీసుకోవచ్చా అన్న దగ్గర డొమినికన్లు వాళ్లతో గట్టిగా వాదించారు. తీసుకోవచ్చని 1515లో ఐదవ లాతరన్ మహాసభ తేల్చింది. 1745లో 14వ బెనెడిక్ట్ పోపు పాత నిషేధాన్ని మళ్లీ చెబుతూనే, అప్పు వెంట వచ్చే ఇతర న్యాయమైన కారణాలకు చోటిచ్చారు. ఇవాళ వాటికన్‌లోనే బ్యాంకులాంటి సంస్థ ఒకటుంది.

శ్రీసభ, అంటే కతోలిక చర్చి, మాట మార్చిందా? ఏదీ మారలేదని ఒకరు, కాలం చెల్లిన గోల అని ఇంకొకరు తేలిగ్గా అనేస్తారు. ఇద్దరూ అసలు పని ఎగ్గొడుతున్నారు. పెద్దలు దేన్ని ఆపడానికి ఆ గీత గీశారని అడగడమే ఆ పని. పొరుగువాడి ఆపద నాకు ఆదాయం కాకూడదన్నది వాళ్ల ఉద్దేశం. ఆర్థిక వ్యవస్థలో డబ్బు చేసే పని మారింది, ఆ ఉద్దేశం మారలేదు. ఎదుగుదలకూ చెడిపోవడానికీ తేడా ఎలా పట్టాలో 1845లో జాన్ హెన్రీ న్యూమన్ ఒక పెద్ద గ్రంథమే రాశాడు. 14వ లియో పోపు ఆయన్ను 2025 నవంబరు 1న శ్రీసభ పండితుడిగా ప్రకటించారు.

దైవశాస్త్రం మనుషులు బతికే పరిస్థితుల్లోంచి మొదలవ్వాలని 2023లో ఫ్రాన్సిస్ పోపు కోరారు. మన దగ్గర పరిస్థితి ఇది: 2010లో మైక్రోఫైనాన్స్ ఆగడాల మీద ఆర్డినెన్స్ వచ్చింది, 2015లో విజయవాడ కాల్ మనీ వ్యవహారం బయటపడింది, ఆ తర్వాత లోన్ యాప్‌లు దిగాయి. నెలకు నూటికి పది రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 120 శాతం. దాన్ని పాపం అనడానికి అక్వినాస్ అక్కర్లేదు, ఆయన పద్ధతి మాత్రం కావాలి. విచారణలో, అంటే పారిష్‌లో, పెద్దలకు పాఠం చెప్పేటప్పుడు నేను ముందు వడ్డీ వ్యాపారి పక్షం రాయిస్తాను. "ఆసుపత్రిలో అర్ధరాత్రి అడ్వాన్సు కట్టమంటే ఏ బ్యాంకు ఇస్తుంది? నేనిస్తాను. తాకట్టు లేదు, ఎగ్గొడితే మునిగేది నేనే."

గట్టి వాదనే. ఎగవేత భయానికి పరిహారం ఉండొచ్చు, అది అక్వినాస్ ఒప్పుకున్న నష్టానికి దగ్గరి చుట్టమే. వేరే దిక్కులేనితనానికి కట్టే ధర మాత్రం వేరు. ఆ పది రూపాయల్లో ఏది ఎంతో విడదీయమంటే వ్యాపారి తడబడతాడు. కానీ అతని మొదటి మాట, అర్ధరాత్రి ఇచ్చేదెవరన్నది, అలాగే మిగిలిపోతుంది. ఫ్రాన్సిస్కన్లు దానికి తర్కంతో సరిపెట్టక నిధి పెట్టి జవాబు చెప్పారు. విచారణ పెట్టెలోంచి ఆ రాత్రి పదివేలు తీసివ్వలేకపోతే, వడ్డీ పాపమని పీఠం మీంచి ఎంత చెప్పినా పూర్వపక్షమే గెలుస్తుంది.